వికిరణాన్ని తట్టుకునే బ్యాక్టీరియా: డీఎన్ఏ మరమ్మతు

ఇతర జీవులను చంపేసే మోతాదులో గామా కిరణాలు, ఎక్స్-కిరణాలు తగిలినా బతికి బట్టకట్టి, మళ్లీ మామూలుగా పెరగగల సూక్ష్మజీవులను వికిరణ నిరోధక బ్యాక్టీరియా అంటారు. వీటిలో అన్నిటికన్నా ఎక్కువగా పరిశోధనకు నోచుకున్నది డైనోకాకస్ రేడియోడ్యూరన్స్. శరీరం గ్రహించిన వికిరణాన్ని ‘గ్రే’ అనే ప్రమాణంతో కొలుస్తారు. ఒకేసారి ఒళ్లంతా 4 నుంచి 5 గ్రేలు సోకితే, వైద్యం అందని మనుషుల్లో సగం మంది చనిపోతారు. మన పేగుల్లో ఉండే ఈ-కోలై బ్యాక్టీరియాలో అధిక భాగం నశించడానికి కొన్ని వందల గ్రేలు చాలు. డైనోకాకస్ 5,000 గ్రేల తరవాత కూడా దాదాపు ఏ నష్టమూ లేకుండా పెరుగుతుంది. ఆ మోతాదుకు దాని డీఎన్ఏ ముక్కముక్కలైపోతుంది, అయినా కొద్ది గంటల్లో ఆ ముక్కలన్నీ తిరిగి వరసలో అతుక్కుంటాయి. ఈ శక్తికి కారణం మరే జీవిలోనూ లేని మరమ్మతు యంత్రాంగమని చాలాకాలం భావించారు. గత మూడు దశాబ్దాల సాక్ష్యాలు మరో వైపు మొగ్గుతున్నాయి. ఈ బ్యాక్టీరియా వాడే పనిముట్లు చాలావరకు సాధారణమైనవే. అసలు విశేషం, వికిరణం పడినప్పుడు ఆ పనిముట్లు, అంటే మరమ్మతు చేసే ప్రొటీన్లు, పాడైపోకుండా నిలవడంలో ఉంది.

కనుగొన్న తీరు

1956లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం, కోర్వాలిస్‌లోని వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో ఆర్థర్ ఆండర్సన్, ఆయన సహచరులు డబ్బాల్లో నిలవ చేసే మాంసాన్ని గామా కిరణాలతో క్రిమిరహితం చేసే పద్ధతిని పరీక్షిస్తున్నారు. అప్పటికి తెలిసిన సూక్ష్మజీవులన్నిటినీ చంపగలదనుకున్న మోతాదు ఇచ్చాక కూడా ఒక డబ్బాలో మాంసం చెడిపోయింది. అందులోంచి తీసి పెంచితే గులాబీ, ఎరుపు ఛాయల్లో గుండ్రని గుంపులు కనిపించాయి. సూక్ష్మదర్శినిలో అవి రెండేసి, నాలుగేసి అంటుకుని ఉండే గుండ్రని కణాలు. మొదట దీన్ని మైక్రోకాకస్ ప్రజాతిలో చేర్చారు. దాని లక్షణాలు ఆ ప్రజాతితో పొసగకపోవడంతో 1981లో డైనోకాకస్ అనే కొత్త ప్రజాతికి మార్చారు. ఇది సిద్ధబీజాలు ఏర్పరచదు. కాబట్టి గట్టి పెంకు చాటున నిద్రాణంగా ఉండి ప్రమాదాన్ని దాటవేసే బ్యాక్టీరియాల కోవలోకి రాదు. చురుకుగా పెరుగుతున్న కణంగానే దెబ్బ తింటుంది, ఆ స్థితి నుంచే కోలుకుంటుంది.

ఆ తరవాత ఈ ప్రజాతికి చెందిన జీవులు సహారా ఇసుకలో, అంటార్కిటికాలోని పొడి లోయల్లో, వేడి నీటి ఊటల్లో దొరికాయి. పశ్చిమ బెంగాల్ భూగర్భ జలాల్లో దొరికిన, ఆర్సెనిక్‌ను తట్టుకునే డైనోకాకస్ ఇండికస్‌ను 2004లో వర్ణించి పేరు పెట్టింది హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త ఎస్. శివాజీ బృందం. డైనోకాకస్‌తో దగ్గరి చుట్టరికం లేని రూబ్రోబాక్టర్, కైనియోకాకస్ వంటి బ్యాక్టీరియాలకు, సముద్రగర్భపు వేడి ఊటల దగ్గర బతికే థర్మోకాకస్ గామాటాలరన్స్ అనే ఆర్కియాకు (బ్యాక్టీరియా కాని మరో కోవ సూక్ష్మజీవికి) కూడా ఈ శక్తి ఉంది. జీవవృక్షంలో దూరదూరంగా ఉన్న కొమ్మల్లో ఒకే గుణం కనిపించిందంటే అది ఒకే ఒక్క అపురూప జన్యువు ఇచ్చిన వరం అయ్యే అవకాశం తక్కువ.

వికిరణం కణంలో చేసే నష్టం

కణంలో ఎక్కువ భాగం నీరే. అందువల్ల గామా కిరణం డీఎన్ఏను నేరుగా తాకడం కన్నా నీటి అణువులను చీల్చడమే ఎక్కువగా జరుగుతుంది. అలా పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ సెకనులో వంద కోట్లవ వంతులతో కొలిచే కాలంలోనే పక్కనున్న దేనితోనైనా చర్య జరుపుతాయి. వాటితో పాటు సూపర్‌ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా ఏర్పడతాయి. ఇవి అంత తీవ్రమైనవి కావు గానీ ఎక్కువసేపు నిలిచి కణమంతా తిరుగుతాయి. పెరాక్సైడ్ విడి ఇనుముతో కలిస్తే మళ్లీ హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అంటే కిరణం ఆగిపోయాక కూడా ఇనుము ఉన్నచోట నష్టం సాగుతూనే ఉంటుంది.

డీఎన్ఏకు తగిలే దెబ్బల్లో క్షారాలు పాడవడం, ఒక పోగు తెగడం తేలికగా సరిదిద్దుకోగలిగినవి, ఎందుకంటే ఎదుటి పోగులో అదే సమాచారం చెక్కుచెదరకుండా ఉంటుంది. రెండు పోగులూ ఒకేచోట తెగితే కష్టం. ఎదుటి పోగు ఆధారం అక్కడ మిగలదు, తెగిన కొసలు ఒకదానికొకటి దూరమవుతాయి. చాలా బ్యాక్టీరియాలు ఇలాంటి జంటపోగుల తెగుదలలు కొద్దిపాటివి మాత్రమే సరిచేసుకోగలవు. 7,000 గ్రేల దగ్గర డైనోకాకస్‌లో జన్యుసంపుటి ప్రతి ఒక్కటీ వందకు పైగా ముక్కలవుతుంది.

ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: డైనోకాకస్ తన డీఎన్ఏను అసలు తెగకుండా కాపాడుకుంటోందా? కొలతలు కాదనే చెబుతున్నాయి. ఒకే మోతాదు ఇచ్చినప్పుడు, ఒకే పొడవు డీఎన్ఏలో పడే జంటపోగుల తెగుదలలు డైనోకాకస్‌లోనూ ఈ-కోలైలోనూ దాదాపు సమానం. డీఎన్ఏకు కవచం తొడిగే దారి ప్రకృతిలో లేకపోలేదు. టార్డిగ్రేడ్ అనే సూక్ష్మ జంతువులో అలాంటి పని చేసే డీసప్ అనే ప్రొటీన్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 2016లో వర్ణించారు. డైనోకాకస్ దారి అది కాదు. ఇక్కడ డీఎన్ఏ తెగనే తెగుతుంది, కాబట్టి రహస్యాన్ని ఆ తరవాత జరిగే దానిలో వెతకాలి.

ముక్కలను అతికించే క్రమం

ఆ తరవాత జరిగేదాన్ని ప్రయోగశాలలో కళ్లారా చూడవచ్చు. కణాల డీఎన్ఏను ఒక ఎంజైమ్‌తో నిర్దిష్టమైన చోట్ల కత్తిరించి, దిశ మారుతూ ఉండే విద్యుత్తుతో జెల్ పలక మీద నడిపిస్తే, పెద్ద ముక్కలు వెనకబడి, చిన్నవి ముందుకు పోయి, నిచ్చెన మెట్లలా స్పష్టమైన అడ్డగీతలు ఏర్పడతాయి. వికిరణం ఇచ్చిన వెంటనే తీసిన నమూనాలో ఈ గీతలు మాయమై, పలక అడుగున చిన్న ముక్కల మసక మరక మాత్రమే మిగులుతుంది. మొదటి గంటన్నరలో పెద్దగా మార్పు కనిపించదు. ఆ తరవాత మరక పైకి పాకుతుంది. మూడు గంటలు దాటేసరికి వికిరణానికి ముందరి నమూనాలో ఉన్న గీతలే అవే స్థానాల్లో తిరిగి కనిపిస్తాయి. ముక్కలు ఏదో ఒక తీరుగా అంటుకోవడం కాదు, పాత వరసే అక్షరాలా తిరిగి వచ్చిందనడానికి ఇది నిదర్శనం.

ఇది ఎలా సాధ్యమో 2006లో క్సేనియా జహ్రాద్కా, మీరోస్లావ్ రాద్మాన్ బృందం నేచర్ పత్రికలో వివరించింది. డైనోకాకస్ కణంలో జన్యుసంపుటికి ఒక్క ప్రతి కాక, నాలుగు నుంచి పది ప్రతులు ఉంటాయి. వికిరణం ఒక్కో ప్రతినీ ఒక్కో చోట తెంచుతుంది కాబట్టి, ఒక ప్రతిలో తెగిన భాగం మరో ప్రతిలోని ఏదో ముక్కలో తెగకుండా ఉంటుంది. శిథిలమైన తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టుకుని, ఒకదానిలో పురుగు తిన్న పాదాన్ని ఇంకోదానిలో చూసి పూరించే గ్రంథ పరిష్కర్త పనిలాంటిదే ఇక్కడ జరుగుతుంది. ముందుగా ముక్కల కొసలను ఎంజైములు కొంత కొరికి, ఒక పోగు బయటికి పొడుచుకు వచ్చేలా చేస్తాయి. రెక్-ఎఫ్, రెక్-ఓ, రెక్-ఆర్ అనే మూడు ప్రొటీన్ల సాయంతో ఆ పోగు మీద రెక్-ఎ అనే ప్రొటీన్ వరసగా అమరుతుంది. రెక్-ఎ తొడుగున్న పోగు తనతో సరిపోలే మరో ముక్కను వెతికి పట్టుకుని అందులోకి చొరబడుతుంది. అప్పుడు డీఎన్ఏ పాలిమరేజ్ ఎంజైములు ఆ ముక్కను మాతృకగా తీసుకుని పోగును వేల క్షారాల దూరం పొడిగిస్తాయి. ఇలా పొడవైన పోగు మాతృకను వదిలి వచ్చి, అదే తీరులో అవతలి వైపు నుంచి పొడవైన మరో పోగుతో జత కడుతుంది. ముక్కలు ఇలా పెద్ద పోగులయ్యాక, రెక్-ఎ సాయంతో జరిగే ఇచ్చిపుచ్చుకోవడాల ద్వారా మళ్లీ పూర్తి వలయాకార క్రోమోజోములు తయారవుతాయి.

ఈ వివరణకు ఆధారం ఊహ కాదు. మరమ్మతు సాగుతున్నప్పుడు కణాలకు థైమిన్‌కు బదులు బ్రోమిన్ ఉన్న పదార్థం అందించారు. కొత్తగా తయారైన డీఎన్ఏ బరువెక్కుతుంది, అతినీలలోహిత కాంతికి ప్రత్యేకంగా తెగుతుంది. కాబట్టి పాత డీఎన్ఏను, కొత్తదాన్ని విడదీసి గుర్తించవచ్చు. కోలుకున్న క్రోమోజోముల్లో 20 నుంచి 30 వేల క్షార జతల పాత తునకలు, వాటిని కలుపుతూ కొత్తగా నేసిన భాగాలు మార్చిమార్చి కనిపించాయి. రెక్-ఎ గానీ, పాలిమరేజ్-1 గానీ లేని మ్యుటెంట్లలో (జన్యువు మారిన రకాల్లో) ముక్కలు ముక్కలుగానే మిగిలిపోయాయి. ఈ క్రమాన్ని నడిపించే స్విచ్ కూడా డైనోకాకస్‌లో వేరు. మామూలు రోజుల్లో డీడీఆర్-ఓ అనే ప్రొటీన్ మరమ్మతు జన్యువులను అణచి ఉంచుతుంది. నష్టం జరగగానే ఇర్-ఇ అనే మరో ప్రొటీన్ దాన్ని తెంచేస్తుంది. అణచివేత తొలగి డీడీఆర్-ఎ, డీడీఆర్-బి, పీపీఆర్-ఎ వంటి ప్రొటీన్లు పెద్ద ఎత్తున తయారవుతాయి. డీడీఆర్-ఎ తెగిన కొసలు అనవసరంగా కరిగిపోకుండా పట్టి ఉంచుతుంది. పీపీఆర్-ఎ, దానికి అనుబంధంగా ఉండే సంకేత వ్యవస్థల మీద ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో విస్తృతంగా పరిశోధన జరిగింది.

పనిముట్లలో ప్రత్యేకత ఎంత?

ఇదంతా చదివితే రహస్యం మరమ్మతు యంత్రాంగంలోనే ఉందని అనిపించడం సహజం. 1999లో డైనోకాకస్ జన్యుసంపుటి క్రమం పూర్తిగా వెలువడినప్పుడు చాలామంది అక్కడ అసాధారణమైన మరమ్మతు జన్యువుల భాండాగారం దొరుకుతుందనుకున్నారు. రెండు క్రోమోజోములు, ఒక మహాప్లాస్మిడ్, ఒక చిన్న ప్లాస్మిడ్ కలిపి సుమారు 32.8 లక్షల క్షార జతల్లో కనిపించిన మరమ్మతు జన్యువులు చాలావరకు ఇతర బ్యాక్టీరియాల్లో ఎప్పటినుంచో తెలిసినవే. పైగా ఈ-కోలైలో జంటపోగుల మరమ్మతుకు కీలకమైన రెక్-బి, రెక్-సి జన్యువులు ఇక్కడ లేవు. తప్పులు చేస్తూనైనా పని కానిచ్చే అత్యవసర పాలిమరేజులూ లేవు.

ఇంతకన్నా బలమైన సాక్ష్యం జన్యువుల మార్పిడి నుంచి వచ్చింది. పాలిమరేజ్-1 లేని డైనోకాకస్ మ్యుటెంట్ వికిరణానికి తేలికగా చనిపోతుంది. 1994లో అలాంటి మ్యుటెంట్‌కు ఈ-కోలై పాలిమరేజ్-1 జన్యువును చేర్చారు. డైనోకాకస్ పోగొట్టుకున్న నిరోధక శక్తి తిరిగి వచ్చింది. ఈ-కోలైలో కొన్ని వందల గ్రేలకే ఓడిపోయే ఎంజైమ్, డైనోకాకస్ కణంలో ఉంటే వేల గ్రేల నష్టాన్ని సరిదిద్దగలిగింది. ఎంజైమ్ మారలేదు. మారింది అది పనిచేసిన పరిసరం. కాబట్టి ఆ పరిసరంలో ఏముందన్నదే కీలక ప్రశ్న.

ప్రతుల సంఖ్యతోనూ పూర్తి జవాబు రాదు. ఎక్కువ ప్రతులు లేకపోతే పైన చెప్పిన అతుకు పని జరగదు, నిజమే. కానీ డైనోకాకస్ కణంలో ప్రతులు నాలుగున్నా పదున్నా నిరోధకతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జన్యుసంపుటికి ఎన్నో ప్రతులుండి కూడా వికిరణానికి నిలవలేని బ్యాక్టీరియాలు ఉన్నాయి. డీఎన్ఏ గట్టిగా వలయంలా చుట్టుకుని ఉండటం వల్ల ముక్కలు చెదిరిపోవని 2003లో మరో ప్రతిపాదన వచ్చింది. అలా చుట్టుకుని ఉండటానికీ నిరోధకతకూ నేరు సంబంధం తరవాతి పరిశీలనల్లో కనిపించలేదు.

ప్రొటీన్ల రక్షణ: మాంగనీసు పాత్ర

అమెరికాలోని బెథెస్డాలో మైఖేల్ డేలీ బృందం ప్రశ్నను తలకిందులు చేసింది. ఎక్కువ తట్టుకునే జీవి దగ్గర ఏముందని కాక, తట్టుకోలేని జీవి ఎందుకు చనిపోతోందని అడిగింది. షెవనెల్లా ఒనైడెన్సిస్ అనే బ్యాక్టీరియాలో కావలసిన మరమ్మతు జన్యువులన్నీ ఉన్నాయి. అయినా 70 గ్రేల దగ్గరే నూటికి తొంభై కణాలు చనిపోతాయి. ఆ మోతాదుకు జన్యుసంపుటికి సగటున ఒక్క జంటపోగుల తెగుదల కూడా పడదు. డీఎన్ఏ తెగడం వల్లే చావు వస్తుందన్న పాత సూత్రం ప్రకారం ఈ కణాలు బతకాలి. అంటే వాటిని చంపుతున్నది డీఎన్ఏ తెగుదల ఒక్కటే కాదు.

2004లో ఈ బృందం వివిధ బ్యాక్టీరియాల్లో మాంగనీసు, ఇనుముల నిష్పత్తిని కొలిచింది. డైనోకాకస్‌లో అది 0.24, ఈ-కోలైలో 0.0072, షెవనెల్లాలో 0.0005. మాంగనీసు తక్కువగా ఉన్న మాధ్యమంలో పెంచితే డైనోకాకస్ నిరోధకత కూడా తగ్గింది. 2007లో వచ్చిన కొలతలు దీనికి అర్థం చెప్పాయి. ఒకే మోతాదు ఇచ్చినప్పుడు డీఎన్ఏ నష్టం అన్నిటిలోనూ ఒకే తీరుగా ఉన్నా, ప్రొటీన్ల ఆక్సీకరణ మాత్రం సున్నిత బ్యాక్టీరియాల్లో ఎంతో ఎక్కువగా, నిరోధక బ్యాక్టీరియాల్లో చాలా తక్కువగా ఉంది. 2010లో అనితా క్రిష్కో, రాద్మాన్ ఈ-కోలై, డైనోకాకస్‌లను పోల్చి చూసినప్పుడు కూడా కణ మరణం ప్రొటీన్ల నష్టంతోనే అడుగులు కలిపి నడిచింది.

ఈ రక్షణ ఎంజైములది కాదనడానికీ ఆధారం ఉంది. ఆక్సీకరణను అడ్డుకునే సూపర్‌ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్ జన్యువులు తొలగించినా డైనోకాకస్ నిరోధకత పెద్దగా తగ్గలేదు. అసలు పని చేసేది మాంగనీసు అయాన్లు, ఫాస్ఫేటు, చిన్న పెప్టైడ్లు, ఇతర చిన్న అణువులతో కట్టిన సముదాయాలు. డైనోకాకస్ కణాల రసం నుంచి ప్రొటీన్లన్నీ వడగట్టి తీసేశాక మిగిలిన ద్రవం కూడా, బయట పరీక్షనాళికలో ఎంజైములను వికిరణం నుంచి కాపాడింది. ఇనుము తక్కువ, మాంగనీసు ఎక్కువ అయితే సూపర్‌ఆక్సైడ్, పెరాక్సైడ్ ప్రొటీన్లను కొరికేలోపే అణగారిపోతాయి. ఆ విధంగా రెక్-ఎ, పాలిమరేజులు, ఇతర మరమ్మతు ప్రొటీన్లు మొదటి నిమిషం నుంచే పనికి సిద్ధంగా ఉంటాయి. షెవనెల్లాలో అవే ప్రొటీన్లు దెబ్బతిని ఉంటాయి. సరిదిద్దవలసిన తెగుదలలు కొద్దిగానే ఉన్నా, సరిదిద్దేవారు లేరు.

ఆక్షేపణలు, సమాధానాలు

ప్రొటీన్ల రక్షణ వాదానికి అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ ఈ-కోలై నుంచే వచ్చింది. మైఖేల్ కాక్స్, జాన్ బట్టిస్టా బృందాలు ఈ-కోలైకి పదేపదే గామా వికిరణమిచ్చి, బతికిన వాటిని పెంచి మళ్లీ వికిరణమిస్తూ 20 ఆవృతులు నడిపాయి. 3,000 గ్రేల దగ్గర వాటి మనుగడ వేల రెట్లు పెరిగింది. 2014లో ఆ మార్పులను విడివిడిగా పరిశీలిస్తే రెక్-ఎ, డీఎన్ఏ విప్పే హెలికేజ్, మరో మరమ్మతు సంబంధ జన్యువు, ఈ మూడింటిలోని మార్పులే ఆ శక్తిలో పెద్ద వాటాకు కారణమని తేలింది. మరమ్మతు ప్రొటీన్లను మెరుగుపరిస్తే చాలు, ప్రొటీన్ల రక్షణ కథ అవసరం లేదని దీని నుంచి వాదించవచ్చు.

ఈ ఆక్షేపణలో బలముంది, దాన్ని తోసిపుచ్చకూడదు. నిరోధకతకు ఒకటి కన్నా ఎక్కువ దారులున్నాయని అది నిరూపిస్తుంది. అయితే అది ప్రొటీన్ రక్షణ వాదాన్ని కొట్టివేయదు. మెరుగైన ఎంజైమ్ అంటే, ఒక్కో అణువు ఎక్కువ పని చేస్తుందని అర్థం. అణువులు పాడవకుండా ఉండటమంటే, పనిచేసేవి ఎక్కువ మిగులుతాయని అర్థం. ఈ రెండూ ఒకదాన్నొకటి హెచ్చిస్తాయే గాని ఒకదానికొకటి పోటీ కావు. మార్పులేని ఈ-కోలై పాలిమరేజ్ డైనోకాకస్‌లో సంపూర్ణంగా పనిచేసిందన్న 1994 నాటి ఫలితాన్ని ‘మెరుగైన ఎంజైమ్’ సిద్ధాంతం ఒక్కటే వివరించలేదు. అలాగే రెక్-ఎ లేని డైనోకాకస్, మాంగనీసు ఎంత ఉన్నా చనిపోతుంది. కాబట్టి మరమ్మతు అవసరం, కానీ అదొక్కటే సరిపోదు. ఆ మరమ్మతు ఎంత దూరం సాగగలదన్న హద్దును ప్రొటీన్ల క్షేమం నిర్ణయిస్తుంది.

ఎండుదనం నేర్పిన శక్తి

ఇంకో ప్రశ్న పరిణామానికి సంబంధించినది. సహజమైన నేపథ్య వికిరణం చాలాచోట్ల ఏడాదికి ఒక గ్రేలో వెయ్యో వంతులు మాత్రమే. వేల గ్రేలు ఒక్కసారిగా ఇచ్చే చోటు భూమి మీద సహజంగా లేదు. ఎన్నడూ ఎదురుకాని ఆపదకు ఇంత సన్నద్ధత ఎక్కడిది? ఈ చిక్కు ప్రశ్న వల్ల డైనోకాకస్ అంగారకుడి నుంచి వచ్చి ఉంటుందన్న ఊహ కూడా వెలువడింది. దాని జన్యువులు ఆ ఊహను బలపరచవు. వేడి ఊటల్లో బతికే థర్మస్ బ్యాక్టీరియాతో దానికి దగ్గరి చుట్టరికం ఉంది, దాని మరమ్మతు జన్యువులు భూమి మీది ఇతర బ్యాక్టీరియాల జన్యువులకు బంధువులే.

సరైన జవాబు 1996లో మ్యాటిమోర్, బట్టిస్టాల ప్రయోగంలో దొరికింది. వికిరణానికి సున్నితమైన 41 డైనోకాకస్ మ్యుటెంట్లను ఆరు వారాలు ఎండబెట్టి మళ్లీ తడిపారు. అవన్నీ ఎండుదనాన్ని కూడా తట్టుకోలేకపోయాయి. నీరు ఇంకిపోయినప్పుడు కూడా డీఎన్ఏలో జంటపోగుల తెగుదలలు పడతాయి, ప్రొటీన్లు ఆక్సీకరణకు గురవుతాయి. ఎండిన కణం మరమ్మతు చేసుకోలేదు, నీరు తగిలేదాకా నష్టం పోగవుతూనే ఉంటుంది. తడి తగిలిన క్షణాన పనిచేసే ప్రొటీన్లు చేతిలో ఉన్న కణమే బతుకుతుంది. ఇసుక, రాళ్లు, ఎండిన నేల వంటి చోట్ల తరతరాలుగా ఇలా గడిపిన జీవికి గామా కిరణాలు తెలిసిన దెబ్బే మరో రూపంలో తగిలినట్టు. ప్రొటీన్ల రక్షణ ఎందుకు ప్రధానమైందో కూడా దీనితో అర్థమవుతుంది. ఎండిన దశలో కొత్త ప్రొటీన్లు తయారు చేసుకునే వీలుండదు, ఉన్నవాటినే దాచుకోవాలి. ఎండిన డైనోకాకస్ గుళికలను అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వెలుపల మూడేళ్లు ఉంచిన జపాన్ తన్‌పోపో ప్రయోగంలో, అర మిల్లీమీటరు, అంతకన్నా మందంగా ఉన్న గుళికల లోపలి కణాలు బతికినట్టు 2020లో ప్రకటించారు.

ఉపయోగాలు

అణు వ్యర్థాల శుద్ధికి డైనోకాకస్‌ను వాడాలన్న ఆలోచన చాలాకాలంగా ఉంది. వికిరణం ఉన్నచోట మామూలు బ్యాక్టీరియా బతకలేదు, ఇది బతుకుతుంది. పాదరసాన్ని తక్కువ విషపూరిత రూపంలోకి మార్చే ఈ-కోలై జన్యువును 2000లో అమెరికాలో డైనోకాకస్‌కు చేర్చారు. భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఒక సాల్మొనెల్లా జన్యువును చేర్చి, పలచటి ద్రావణాల్లోని యురేనియాన్ని ఫాస్ఫేటుగా అవక్షేపింపజేయగల డైనోకాకస్‌ను తయారు చేసి 2006లో ప్రచురించారు. ప్రయోగశాల దాటి నిజమైన వ్యర్థాల దగ్గర ఇలాంటి జన్యుపరివర్తిత జీవులను వదలాలంటే భద్రత, నియంత్రణ ప్రశ్నలకు ముందుగా జవాబు చెప్పాలి.

ఈ వ్యాసంలోని వాదనకు అన్నిటికన్నా స్పష్టమైన పరీక్ష టీకాల రంగంలో జరిగింది. రోగకారక క్రిమిని గామా కిరణాలతో చంపి టీకాగా వాడదామంటే, దాని జన్యుపదార్థాన్ని పూర్తిగా నాశనం చేసే మోతాదు దాని ఉపరితల ప్రొటీన్ల ఆకృతిని కూడా చెడగొడుతుంది. రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టవలసింది ఆ ఆకృతినే. 2012లో డేలీ బృందం డైనోకాకస్ నుంచి నేర్చుకున్న మాంగనీసు, ఫాస్ఫేటు, పెప్టైడ్ మిశ్రమాన్ని కలిపి వికిరణం ఇచ్చింది. వైరస్, బ్యాక్టీరియాల జన్యుపదార్థం ఛిద్రమైంది, ప్రొటీన్ల ఆకృతి నిలిచింది, ఎలుకల్లో రక్షణ కలిగింది. డీఎన్ఏ నష్టాన్ని, ప్రొటీన్ నష్టాన్ని వేరుచేయవచ్చని దీనితో బ్యాక్టీరియా కణం వెలుపల కూడా రుజువైంది. జీవి బతుకు డీఎన్ఏ ఒక్కదాని మీదే ఆధారపడి ఉంటుందన్న అభిప్రాయం వికిరణ జీవశాస్త్రాన్ని దశాబ్దాలపాటు నడిపించింది. జన్యుసమాచారాన్ని తిరిగి కూర్చే ప్రొటీన్లు క్షేమంగా ఉంటే, వంద ముక్కలైన డీఎన్ఏ కూడా తిరిగి పూర్ణరూపం పొందగలదని డైనోకాకస్ చూపించింది. వికిరణ చికిత్స దుష్ఫలితాలను, దూర అంతరిక్ష యాత్రికుల ఆరోగ్యాన్ని గురించి ఆలోచించేవారు డీఎన్ఏతో పాటు ప్రొటీన్ల రక్షణను కూడా లెక్కలోకి తీసుకోవడానికి ఇది తగినంత కారణం.